సంచి తీసిన బిల్లు

ఆ రోజుల్ల ఆర్మూర్ల రెండే మస్తుగ దొరుకుతుండె, పసుపు, సిగ్గు. పసుపు గాలిల, చాయల, ఆఖరికి మా దవాఖాన దుప్పట్ల మీద గుడ ఉంటుండె. సిగ్గు మాత్రం ఊరందరిదీ నా ఒక్కనికే ఇచ్చినట్టుండె. మెట్రిక్ పాసై, ఇంగ్లీషు టైపు నేర్సుకొని, గా దవాఖానల గుమాస్తాగ చేరిన. (మీసం ఇంకా సరిగ్గ రాలె గని, జేబుల పెన్నులు రెండు పెట్టుకుంటుంటి.) డాక్టరమ్మ చెప్పింది టైపు కొట్టుడు, బిల్లు రాసుడు నా పని. ఆమెది కేరళ. తెలుగు మాట్లాడుతుండె గని సదువ రాకపోతుండె.

ఒకసారి వేల్పూర్ దిక్కుకెల్లి ఒక పెద్దమ్మను తీసుకొచ్చిన్రు. పొలం, ఎవుసమంతా తన మీదనే నడిపే మనిషి. ఆమె పెనిమిటిది సర్కారు నౌకరి, మేమందరం సారు అంటుంటిమి. పెద్దమ్మకు గర్భసంచి కేన్సర్. గప్పట్ల గా పేరు ఇంటేనే మనుషులు సగం పానం ఇడుస్తుండిరి. డాక్టరమ్మ ఆపరేషన్ చేసి గర్భసంచి మొత్తం తీసేసింది. ఇగ పట్నం పోయి కరెంటు పెట్టించుకోవాలె (రేడియం వైద్యాన్ని మా దిక్కు గట్లనే అంటుండిరి). దానికయ్యే పైసల మంజూరు, సారు వాళ్ళ పై ఆఫీసు నుంచి రావాలె. ఆపరేషన్ బిల్లు, ఏం కోసిన్రు, ఎందుకు కోసిన్రు అనే కాయిదం తెలుగుల గుడ కావాల్నన్నరు. ఆలస్యమైతే రోగం మళ్ళ లేస్తదని డాక్టరమ్మకు బుగులు.

ఇంగ్లీషుల 'యుటెరస్' అని టకటక కొట్టిన. తెలుగుల రాద్దామని కూసుంటే చెయ్యి ఆగింది. గర్భసంచి! గా మాట మా ఇంట్ల ఆడోళ్ళు గుడ గుసగుసగనే అంటుండిరి, నేనెట్ల రాయాలె? మస్తు సోంచాయించి 'గర్భ' ఇడిసిపెట్టి, "చెడిపోయిన సంచి ఒకటి తీసివేయడమైనది" అని రాసిన. ఎంత మర్యాదగ కుదిరిందో అని మురిసిన గుడ. డాక్టరమ్మ దస్కతు చేసింది, కాయిదం పోయింది.

పోయిన కాయిదం పోయినట్టే వాపస్ వచ్చింది. మీద ఎర్ర సిరాతోని, "సంచి దేనిది? ఖాళీదా, సరుకున్నదా? వైద్యానికి సంబంధం లేని సామాను ఖర్చు ఇవ్వబడదు" అని రాసున్నది. (పసుపు మండీ ఊరికెల్లి పోయిన బిల్లాయె, ఇంగ్లీషు కాయిదం తిప్పి గుడ చూడని గా ఆఫీసరు మాత్రం ఏమనుకుంటడు!)

సారు గా కాయిదం పట్టుకొని వార్డు బెంచి మీద కూలబడ్డడు. "నా పెండ్లాం పానం మీదికొస్తే గీళ్ళకు సంచుల లెక్క గావాల్నట" అని కండ్లల్ల నీళ్ళు పెట్టుకున్నడు. మంచం మీదికెల్లి పెద్దమ్మ, "ఏందది? జర సదువు" అన్నది. సారు సదివిండు. గంతే, పెద్దమ్మ కడుపు పట్టుకొని నవ్వుడు షురూ జేసింది.

"అయ్యో, నవ్వియ్యకున్రి, కుట్లు ఊసిపోతయి! నలుగురు పిల్లల్ని మోసిన సంచి, సరుకున్నదా అని అడుగుతున్నడా వాడు?"

వార్డంతా పక్కున నవ్వింది. సారు గుడ కండ్లు తుడుసుకుంటనే నవ్విండు. డాక్టరమ్మ ఉరికొచ్చి, "ఏమి, ఎందుకు నవ్వుతుంది అందరు?" అన్నది. నర్సమ్మ చెవిల చెప్పంగనే ఆమె గుడ గోడకు ఒరిగి నవ్వింది. నేను తలుపెనుకకు జారుకుంటుంటే పెద్దమ్మ పిలిచింది.

"ఇటు రా బిడ్డా. నువ్వు ఏడికెల్లి పుట్టినవు?"

"అమ్మ కడుపులకెల్లి."

"మరి సిగ్గెందుకు? అను, గర్భసంచి."

"గర్..."

"బువ్వ తినలేదా? గట్టిగ!"

"గర్భసంచి!" అని ఒర్రిన. బయట టాంగా గుర్రం గుడ బెదిరిందని తర్వాత చెప్పిన్రు. వార్డు ఆడోళ్ళు చప్పట్లు కొట్టిన్రు. ఆమె మంచం పక్కనే కూసోని, "కేన్సర్ సోకిన గర్భసంచి తీసివేయడమైనది" అని కొత్తగ రాసిన. సారు గా కాయిదం పట్టుకొని బస్సెక్కిండు, మంజూరు చేయించుకొనే వచ్చిండు.

పెద్దమ్మ పట్నం పోయొచ్చింది. మక్కలు చేతికొచ్చినంక చూపించుకుందామని వస్తే, డాక్టరమ్మ అంతా మంచిగున్నదన్నది. పెద్దమ్మ నన్ను వరండల కూసోబెట్టి, కాల్చిన కంకి చేతిల పెట్టి, "మా చెల్లె బిడ్డ ఉన్నది, చేసుకుంటవా? నువ్వు చెప్పలేని మాటలన్నీ అది చెప్తది" అన్నది. నోట్లె మక్క గింజలున్నయి. తలకాయ మాత్రం ఊపిన. గా పిల్లే మా ఇంటామె. "నోరిప్పి సరే అన్నవా గప్పుడు?" అని ఆమె ఇప్పటికీ గునుస్తది. నేను నవ్వి ఊకుంట. జేబుల రెండు పెన్నులు పెట్టుకొని తిరిగిన గా బక్క పిలగాడు ఏడ తప్పిపోయిండో గని, ఒక్కోసారి వాణ్ణి పిలిచి పక్కన కూసోబెట్టుకోవాలనిపిస్తది.