డబ్బా పాలు తాగిన గేదె

కూర్చో. ఆ కుర్చీలో కాదు, ఇక్కడ మంచం మీద, నా పక్కన. ఫోన్ అవతల పెట్టు, నోట్‌బుక్ తెరువు, నేను చెప్పింది చెప్పినట్టు రాయి. మధ్యలో "నానమ్మా, ఇది ముందే చెప్పావు" అనకు. ఇది నీకు ఇంతవరకు చెప్పలేదు.

మొన్న గేటు దగ్గర నీ స్నేహితురాలితో అంటున్నావు, "చిన్నప్పుడు చాక్లెట్లు ఎక్కువ తిన్నాను, అందుకే నాకు షుగరొచ్చింది" అని. నేను కరివేపాకు దూస్తూ విన్నాను. ఎవరు చెప్పారే నీకు ఆ మాట? నీకు కారణం కావాలంటే నన్నడగాలి. నా దగ్గరుంది ఒక కారణం, నిరుటి నుంచి నీకు చెప్పకుండా దాచుకున్నాను. అది కారణమో కాదో విన్నాక నువ్వే చూసుకో.

నీకు షుగరని తెలిసేసరికి ఎనిమిదేళ్ళు. నెల రోజులుగా చెంబులు చెంబులు నీళ్ళు తాగుతున్నావు, పక్క తడుపుతున్నావు, గౌన్లన్నీ వదులైపోయాయి. ఎండలు కదా, దాహమనుకున్నాం. ఓ పొద్దున లేపితే లేవలేదు. కంకిపాడు డాక్టరు గారు నీ వేలు గుచ్చి మిషన్లో చూసి, "ఇక్కడ కాదండీ, వెంటనే బెజవాడ తీసుకెళ్ళండి" అన్నారు. అప్పట్నుంచీ రోజుకి నాలుగు సూదులు. ఇది నీకు తెలిసిందే, రాయక్కర్లేదు. సరే, రాసేశావుగా, ఉంచు.

నాకు ఒళ్ళు మండింది పలకరించడానికి వచ్చినవాళ్ళని చూసి. మా ఆడపడుచు ఉయ్యూరు నుంచి వచ్చి, కూర్చునీ కూర్చోకముందే, "నువ్వే బెల్లం ముక్కలు పెట్టీ పెట్టీ తెచ్చిపెట్టావు వదినా దీనికి" అంది.

"ఆ లెక్కన మీ ఉయ్యూర్లో సగం మందికి రావాలిగా, చుట్టూ చెరుకు తోటలేగా" అన్నాను.

మా ఆడపడుచు కాఫీలో ఇంకో చెంచా పంచదార వేయించుకుంది. బెజవాడ వన్ టౌన్లో జీలకర్ర కొందామని వెళ్తే కొట్టతను నేరేడు గింజల పొడి పొట్లం కట్టబోయాడు. "ఇది పెద్దాళ్ళకొచ్చే షుగరు కాదు బాబూ, చిన్నపిల్లలకొచ్చేది, దీనికి సూదే" అన్నాను. "పిల్లలకి షుగరేంటండీ, మా కాలంలో విన్నామా" అన్నాడు. నా కొడుకంత వయసు లేదు వాడికి, వాడికో కాలం.

నిరుడు నీ చెకప్‌కి వెళ్ళినప్పుడు ఆ బెజవాడ హాస్పిటల్ వాళ్ళు, పిల్లలకి ఈ షుగరు ఎందుకొస్తోంది, ఎందుకు పెరుగుతోంది అని పరిశోధన చేస్తున్నాం, మీరూ చేరతారా అన్నారు. మీ అమ్మ వెంటనే సంతకం పెట్టింది. నేనూ సంబరపడ్డాను. ఇన్నాళ్ళకి ఎవరో ఒకరు చదువుకున్నవాళ్ళు కారణం చెబుతారనుకున్నాను. చెప్పడం ఎక్కడ, అన్నీ అడగడమే. ఒక చిన్న డాక్టరమ్మ, పలక లాంటి ఫోను ఒళ్ళో పెట్టుకుని గంటన్నర అడిగింది. మామూలు కాన్పా, ఆపరేషనా? ఏ నెలలో పుట్టింది? కడుపుతో ఉన్నప్పుడు తల్లికి జ్వరాలొచ్చాయా? పిల్లకి విరోచనాలు పట్టాయా? ఎండలో ఆడుకునేదా? తాగే నీళ్ళు బోరువా, కాలవవా? పొలానికి మందు కొట్టేటప్పుడు దగ్గర్లో ఉందా? అన్నిటికీ మేం చెప్పాం. చివరికి నేనన్నాను, "మరి ఇందులో ఏదమ్మా కారణం?"

"తెలీదు మామ్మగారూ. పుట్టుకతో కొంత వస్తుంది, దానికి బయట్నుంచి ఇంకేదో తోడవుతుంది. అప్పుడు ఒంట్లో కాపలా కాయాల్సిన కణాలే పొరబడి, ఇన్సులిన్ చేసే కణాల్ని చంపేస్తాయి. ఆ తోడయ్యేదేంటో ఇంకా తేలలేదు."

"తెలీదని చెప్పడానికి ఇంత చదువెందుకమ్మా?"

"తెలీకే కదండీ అడుగుతున్నాం" అంది. కోపం రాలేదు ఆ పిల్లకి. నాకే వచ్చింది.

పోనీ పెరుగుతోందన్నది నిజమేనా అంటే, నిజంగానే పెరుగుతోందట, దాంతోపాటు ఇదివరకు కనిపెట్టలేనివి ఇప్పుడు కనిపెడుతున్నారట. ఆ మాట వినేసరికి నాకు మూడో తరగతిలో నా పక్కన కూర్చునే పిల్ల గుర్తొచ్చింది. ఎప్పుడు చూడు మంచినీళ్ళ కుండ దగ్గరే ఉండేది. పుల్లలా అయిపోయింది. గాలి సోకిందని తాయెత్తు కట్టారు. సెలవులయ్యాక బడికెళ్తే నా పక్కన చోటు ఖాళీ. ఆ పిల్లకి ఏం జబ్బో ఎవరు చూశారు, ఎవరు రాశారు? పిల్లలకి షుగరని ఆ జీలకర్ర కొట్టతను వినలేదంటే వినలేదు మరి.

సరే, అసలు సంగతికొస్తున్నా. ఆ డాక్టరమ్మ అడిగిన వాటిలో ఒకటుంది, "పాపకి ఆవుపాలు గానీ గేదె పాలు గానీ మొదట ఎన్నో నెలలో పట్టారు?" అని. మీ అమ్మ తడుముకోకుండా చెప్పింది, "ఏడాది నిండాకేనండీ. అప్పటిదాకా నా పాలు, డబ్బా పాలు." ఆ పిల్ల టిక్కు పెట్టేసింది. నేను నోరు విప్పలేదు.

ఎందుకంటే అది అబద్ధం. మీ అమ్మకి తెలీని అబద్ధం.

నీకు నాలుగో నెలలో మీ అమ్మ మళ్ళీ స్కూల్లో చేరింది. పొద్దున్నే వెళ్తే సాయంత్రం దాకా నువ్వూ నేనూ. డబ్బా పాలపొడి, గిన్నెలు, చెంచాలు వరసగా పెట్టి, "ఇన్ని నీళ్ళకి ఇన్ని చెంచాలు అత్తయ్యా, సాయంత్రం చూస్తాను" అని చెప్పి వెళ్ళేది. చూసేది కూడా, డబ్బాలో పొడి ఎంత దిగిందో. ఆ పొడి నీకు పడలేదే. తాగితే కడుపు బిగిసి ఒకటే ఏడుపు. పెరట్లో మన గేదె శుభ్రంగా ఇస్తోంది. మీ నాన్నని, మీ అత్తని ఆ పాలతోనే పెంచాను. ఓ రోజు చూసి చూసి, సగానికి సగం నీళ్ళు కలిపి, కాచి, ఉగ్గుగిన్నెతో పట్టాను. రెండు గంటలు నిద్రపోయావు. ఇంకేముంది, రోజూ అదే.

మరి డబ్బాలో పొడి దిగాలిగా. పారబోయడానికి మనసొప్పలేదు. లెక్క ప్రకారం చెంచాలు కొలిచి తవుడులో కలిపి గేదె కుడితిలో వేసేదాన్ని. అర్థమైందా? డబ్బా పాలు గేదె తాగింది, గేదె పాలు నువ్వు తాగావు. నవ్వకు, రాయి.

ఆ టిక్కు చూసినప్పట్నుంచి నాకు మనశ్శాంతి లేదు. వీళ్ళు పనిగట్టుకుని పాల సంగతి అడిగారంటే అందులో ఏదో ఉండే ఉంటుంది కదా. నువ్వు సూది వేసుకునేటప్పుడల్లా వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. నువ్వేమో నానమ్మకి భయం అనుకునేదానివి. మూడు నెలలు అలాగే గడిచాయి. పైగా ఇంకో బాధ, వాళ్ళు అంత కష్టపడి రాసుకున్న దాంట్లో నా మూలంగా ఒక తప్పుందని. మందు కొట్టని పొలానికి మందు కొట్టినట్టు పుస్తకంలో రాసుకుంటే పంట లెక్క తేలుతుందా?

తర్వాత చెకప్‌లో, నిన్ను రక్తం తియ్యడానికి తీసుకెళ్ళాక, మీ అమ్మ పక్కనుండగానే ఆ డాక్టరమ్మకి మొత్తం చెప్పేశాను. గేదె సంగతితో సహా.

ఆ పిల్ల తన ఫోనులో మన వివరాలు తెరిచింది. "ఆ వయసులో గేదె పాలు పట్టకూడదు మామ్మగారూ, అది వేరే సంగతి. కానీ షుగరు దానివల్లే వచ్చిందని నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు. పాల గురించి ఎప్పట్నుంచో చూస్తున్నారు, తేల్చి చెప్పగలిగింది ఏమీ లేదు. మీ పక్కింటి పిల్లలు తాగలేదా అవే పాలు?" అంది.

తాగారు. వీధి వీధంతా తాగింది.

"నిజం చెప్పారు, అది చాలు మాకు" అని ఆ పాత టిక్కు తీసేసి, నాలుగో నెల అని పెట్టింది. అంతే. నేను మూడు నెలలు కుమిలింది ఆ పిల్లకి ఒక్క వేలితో అయిపోయింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో మీ అమ్మ నా పక్కన కూర్చుంది. నువ్వు కిటికీ పక్కన నిద్రపోయావు. అప్పుడంది, "నేను ఉద్యోగం కోసం పాలు మాన్పించాను కదా అత్తయ్యా, అందుకే వచ్చిందని నేననుకుంటున్నాను ఇన్నేళ్ళూ. మీరూ లోపల అదే అనుకుంటున్నారేమో అని మీ మొహం చూడలేకపోయేదాన్ని."

"నేనా? నేను నీ మొహం చూడలేక చస్తుంటే" అన్నాను.

కాస్త దూరం పోయాక, "ఆ ఏడు గేదె బాగా ఒళ్ళు చేసింది. నేను తవుడు మంచిదనుకున్నా" అంది. తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదులే. మాట్లాడకపోవడం న్యాయమే.

ఇప్పుడు నీ చాక్లెట్ల సంగతి. ఈ ఇంట్లో ముగ్గురం ఆడవాళ్ళం, ఎవరికి వాళ్ళం ఒక కారణం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాం. అంత చదివినవాళ్ళే తెలీదంటుంటే మనకెలా తెలిసిందే? ఇది కింద గీత గీసి రాయి, నీకు నువ్వు...

ఆ, ఆ, వినపడిందమ్మాయ్. అన్నం వడ్డించేసిందట మీ అమ్మ. ముందు నువ్వు లేచి షుగరు చూసుకుని సూది వేసుకో, చల్లారితే మళ్ళీ వేడి చెయ్యమంటావు. వస్తున్నానమ్మా, ఒక్క ముక్క. రాయవే, నీ తప్పు లేదు, మీ అమ్మ తప్పు లేదు, ఇక నా సంగతంటావా, నేను ఆ పాలు పట్టింది నువ్వు ఏడవకుండా నిద్రపోవాలనే.