ఆయన చేతి తప్పు కాదు

మాది బొబ్బిలి. వీణలు చేసే మా ఆయనకు నిరుడు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. కాస్త కదలిక వచ్చాక, వేళ్లకు పని ఉంటుందని రోజూ కంప్యూటర్లో పేపరు చదవమన్నాను.

ఆయన మౌస్ చక్రం తిప్పితే పేజీ ముందు కదిలేది కాదు, తర్వాత ఒక్కసారిగా దూకేది. వారం చూసి మౌస్ పక్కకు నెట్టేశారు.

"ఈ సెయ్యింక నా మాట ఇనదే. ఇంక ఉలి ఏటి పట్టుకుంటాను?" అన్నారు. ఆయన కళ్లనిండా నీళ్లు.

నేనే చక్రం తిప్పి చూశాను. నాకూ పేజీ అలాగే దూకింది!

వెంటనే రాజాం కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే మా చెల్లెలి కూతురికి ఫోన్ చేశాను.

"పెద్దమ్మా, బ్రౌజర్ సెట్టింగుల్లో గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ ఆపేసున్నాదేమో సూడు. అది లేకపోతే పేజీ ఇలాగే ఆగి ఆగి దూకుతాది. ఆన్ సేసి, బ్రౌజర్ మూసి మళ్లీ తెరు" అంది.

నిజంగానే ఆపేసి ఉంది. ఆన్ చేసి మౌస్ ఆయన చేతికిచ్చాను. పేజీ మెత్తగా జారింది. ఆయన పైకీ కిందికీ తిప్పుతూనే ఉన్నారు.

"ఒసే, నా సెయ్యి బాగానే ఉన్నాదే!" అన్నారు, చిన్నపిల్లాడిలా నవ్వుతూ.

వారమంతా ఆయనకు ధైర్యం చెప్పాను గానీ, ఒక్కసారైనా పక్కన కూర్చుని చూడలేదు. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.