ఆకుల్లో అడుగు

నేను భద్రాచలంలో ఒక జూనియర్ కాలేజీలో బోటనీ చెప్తాను. ఇల్లు గోదావరికి అవతల, బూర్గంపాడులో. ఎండాకాలం మొదట్లో ఇప్పపువ్వు రాలే ముందు అడవికి నిప్పు పెట్టొద్దని గూడేలు తిరిగి చెప్పడం నాకు చాలా ఏళ్ల అలవాటు. స్టాఫ్ రూమ్‌లో దానిమీద నవ్వుకోవడం మా వాళ్లకూ అంతే అలవాటు.

"అడవిని కాపాడ్డానికి పెట్రోలు తగలేసుకుంటూ పోతున్నారా మేడం?" అంటాడు ఫిజిక్స్ సారు, నా స్కూటీ తాళంచెవి చప్పుడు వినపడగానే. "మీ ఇంట్లో ఏసీ ఉందటగా?" అంటుంది ఇంగ్లిష్ మేడం. ఉంది. మా అత్తగారికి ఉబ్బసం, వడగాడ్పులకు ఆగలేకపోతోందని ఒక గదిలో పెట్టించాం. నేను నవ్వి ఊరుకునేదాన్ని. అడిగేవాళ్లకు జవాబు అక్కర్లేదు, నా నోరు మూతపడితే చాలు. ఆ సంగతి వాళ్లకూ తెలుసు, నాకూ తెలుసు.

నిజంగా జవాబు కావాలని అడిగిన మనిషి ఒక్కతే. పర్ణశాల రోడ్డు మీద నుంచి లోపలికి తిరిగితే వచ్చే ఒక కోయ గూడెంలో ఉంటుంది. నాకంటే పదేళ్లు పెద్దది. అక్కా అని పిలుస్తాను. ఆ గూడెం ఆడవాళ్లు పువ్వు ఏరడానికి ఎప్పుడు వెళ్లాలో, ఎవరు ఏ చెట్టు కింద ఏరాలో ఆమె మాటే చెల్లుతుంది.

పోయిన ఏడాది మాఘమాసం చివర్లో ఆ గూడెంలో నేనెప్పటిలాగే మాట్లాడాను. చెట్టు కింద ఆకులకు నిప్పు పెడితే నేల శుభ్రమై పువ్వు కనిపిస్తుంది, నిజమే, కానీ పడిన గింజ, మొలిచిన మొక్క కూడా ఆ మంటలోనే పోతున్నాయి అన్నాను. "మీ అమ్మమ్మలు ఏరిన చెట్ల కిందనే మీరూ ఏరుతున్నారు. వాటి పిల్లచెట్లు ఏవి? ఒక్కటి చూపించండి" అన్నాను.

ఆడవాళ్లు కోయభాషలో వాళ్లలో వాళ్లు మాట్లాడుకున్నారు. తర్వాత అక్క నా వైపు తిరిగింది.

"నువ్వు చెప్పింది నిజమే మేడం. పిల్లచెట్లు లేవు. నేను గూడ చూసిన. మరి నిప్పు పెట్టకుంటె ఎట్ల ఏరాలె?"

"ఊడవండి అక్కా. ఆకులు పక్కకు ఊడ్చేస్తే చాలు."

"ఆకుల కింద పురుగుంటది. ఎర్కేనా నీకు?"

పాము పేరు అక్కడ నోటితో అనరు. పురుగు అనే అంటారు.

"నిప్పు పెడితె అది పోతది. పెట్టకుంటె ఆడనే ఉంటది. మాతోని వచ్చి ఊడుస్తవా? ఫోటో కోసం ఒక్కరోజు గాదు. పువ్వు రాలినన్ని దినాలు."

ఎవరూ నవ్వలేదు. ఆమె గొంతులో వెక్కిరింత లేదు. నేను వస్తే ఊడ్చి చూద్దామని, రాకపోతే ఎప్పటిలా నిప్పు పెట్టుకుందామని, అంతే.

"వస్తాను" అన్నాను. ఆ మాట నోట్లోంచి వస్తుండగానే అరికాళ్లు చల్లబడ్డాయి. చిన్నప్పుడు దమ్మపేట దగ్గర మా ఊళ్లో పుస్తకంలో పాము బొమ్మ ఉన్న పేజీని చూపుడువేలితో కాకుండా స్కేలుతో తిప్పినదాన్ని నేను.

ఇంటికొచ్చి చెప్తే మా ఆయన కంచం ముందు చెయ్యి ఆపాడు. "చెప్పడం నీ పని. చెయ్యడం వాళ్ల పని. డాక్టరు రాసిన ప్రతి మందూ తను మింగి చూపిస్తాడా?"

"అడవికి నేను డాక్టర్ని కాదు కదండీ."

"మరి ఎవరివి?"

మర్నాడు ఆయనే బజారుకెళ్లి మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు తెచ్చి గుమ్మం దగ్గర పెట్టాడు. ఇంటర్ చదివే మా అమ్మాయి వాటిని తొడుక్కుని ఇల్లంతా తిరిగి నవ్వించింది.

పువ్వు రాలడం మొదలయ్యాక తెల్లవారకముందే బయల్దేరేదాన్ని. కాలేజీ టైముకు తిరిగి రావాలి. వంతెన మీద గాలికి చేతులు కొంకర్లు పోయేవి. భద్రాచలం దాటి, రోడ్డు పక్కన ఇళ్లు అయిపోయి చెట్లు మొదలైనప్పటి నుంచి నా స్కూటీ చప్పుడు నాకే భయం పుట్టించేది. ఆ వేళకు గుడ్డెలుగులు కూడా ఇప్పపువ్వు కోసమే తిరుగుతాయి.

మొదటి రోజు బూట్లు వేసుకుని దిగాను. ఆడవాళ్లందరి కాళ్లకూ హవాయి చెప్పులు, ఒకరిద్దరివి ఉత్త కాళ్లు. వాళ్ల పక్కన ఆ నల్లటి బూట్లతో నిలబడితే నేను ఊడవడానికి వచ్చినదానిలా లేను, తనిఖీకి వచ్చినదానిలా ఉన్నాను. రెండో రోజు నుంచి వాటిని స్కూటీ మీదే వదిలేసి చెప్పులతో వెళ్లాను. వద్దని ఎవరూ అనలేదు. వాళ్లు చూశారో లేదో కూడా నాకు తెలియదు.

భయం మెల్లగా తగ్గిందని చెప్తే అబద్ధం. ఎండిన టేకాకు మీద తొండ నడిచినా మనిషి నడిచినంత చప్పుడవుతుంది. ముందు కర్రతో కొట్టాలి, ఆగి వినాలి, తర్వాత చీపురు వెయ్యాలి. వినడమే అన్నిటికంటే కష్టం. నా గుండె చప్పుడే నాకు ఆకుల చప్పుడులా వినిపించేది. ఆడవాళ్లు గట్టిగా మాట్లాడుకుంటూ, ఒక చెట్టు దగ్గర్నుంచి ఇంకో చెట్టుకు కేకలేసుకుంటూ ఏరేవాళ్లు. ఆ కేకలు ఒక్క క్షణం ఆగితే చాలు, నా చెయ్యి చీపురు మీద బిగుసుకుపోయేది. ఒకరోజు చెట్టు మొదట్లో పచ్చిగా ఉన్న ఎలుగు పెంట కనిపించింది. అందులోనూ పువ్వే. అందరం ఒకరినొకరు ఆనుకుని మాట్లాడకుండా వెనక్కి వచ్చేశాం.

అయినా ఊడ్చారు. ఆ గూడెం వైపు అడవిలో ఆ ఏడు పొగ లేవలేదు. నాకు లోపల కొంచెం గర్వంగానే ఉండేది.

పువ్వు పలచబడుతున్న రోజుల్లో, వాగు ఒడ్డున ఉన్న చెట్టు కింద ఊడుస్తున్నాను. కర్రతో కొట్టాను. చీపురు వేశాను. కుక్కర్‌లోంచి ఆవిరి సన్నగా వదులుతున్నట్టు చప్పుడొచ్చింది. ఇక్కడ కుక్కర్ ఎక్కడిది అనుకున్నాను, నిజంగా అదే అనుకున్నాను. మరుక్షణం చీలమండ పైన ఎవరో నిప్పుకణిక నొక్కినట్టయింది. ఆకుల్లో గొలుసు లాంటి మచ్చలు కదిలి, ఆకుల రంగులోనే కలిసిపోయాయి.

నేను అరవలేదు. నా చేతిలోని చీపురు పడ్డ చప్పుడుకే అక్క వచ్చింది.

"పురుగా?"

తలూపాను.

"కూసో. నడువకు. కాలు కదపకు."

ఒకామె తువ్వాలు చింపి కట్టబోయింది. పక్క గూడెంలో మంత్రం వేసే ముసలాయన దగ్గరకు తీసుకుపోదామని ఇంకొకామె అంది. వద్దు అని చెప్పాలి. ఎన్నో మీటింగుల్లో చెప్పిన మాటే. నాలుక లేవలేదు. వీళ్లు నన్ను అటే మోసుకుపోతారు, నేను కళ్లు తెరుచుకునే పోతాను అనిపించింది.

"మంత్రం లేదు, ఏం లేదు. దవాఖానాకే" అంది అక్క. "నా తమ్మున్ని బండి తీసుకరమ్మను, జల్దీ."

బండి మీద ఆమె తమ్ముడికీ ఆమెకూ మధ్య నన్ను కూర్చోబెట్టారు. అక్క రెండు చేతులూ నా పొట్ట చుట్టూ వేసి పట్టుకుంది. దారంతా నా చెవిలో "మాట్లాడు, మాట్లాడు" అంటూనే ఉంది. నేనేం మాట్లాడానో గుర్తు లేదు. అత్తగారు ఊళ్లో లేదని, ఇంటి తాళంచెవి నా బ్యాగులోనే ఉండిపోయిందని, మధ్యాహ్నం అమ్మాయి పరీక్ష రాసి వచ్చి బయట నిలబడాల్సి వస్తుందని మాత్రం పదే పదే అనుకున్నాను. కాలు నాది కానంత బరువైంది. చిగుళ్ల దగ్గర ఉప్పగా తగిలింది. రక్తమేమోనని ఉమ్మి చూసుకునే ధైర్యం లేక మింగేశాను. నేను చచ్చిపోతే పోలీసులు ఈ గూడేనికే వస్తారు కదా అన్న ఆలోచన అప్పుడు వచ్చింది. దాంతో రెండో భయం పట్టుకుంది.

దవాఖానాలో డాక్టరు నా చేతిలోంచి రక్తం తీసి ఒక గాజు గొట్టంలో పోసి బల్లమీద నిలబెట్టించాడు. "దీన్ని ఎవరూ కదపొద్దు. గడ్డ కడుతుందో లేదో చూద్దాం" అన్నాడు. నా మంచానికి ఎదురుగానే ఉంది అది. వేలెడంత గొట్టం. నేనూ అక్కా దాన్నే చూస్తూ కూర్చున్నాం. వార్డులో ఎవరో దగ్గుతున్నారు, ఎవరో టీ అడుగుతున్నారు. నాకు ఆ గొట్టం తప్ప ఇంకేం కనిపించలేదు. గడ్డ కట్టు, గడ్డ కట్టు అని నా రక్తాన్ని నేనే బతిమాలుకున్నాను.

నర్సు వచ్చి గొట్టాన్ని మెల్లగా వంచింది. రక్తం నీళ్లలా ఆ పక్కకు జారింది.

"ఏంది సిస్టరూ, మంచిదేనా?" అంది అక్క.

నర్సు ఆమెకు జవాబివ్వకుండా డాక్టరు కోసం పరుగెత్తింది. గడ్డ కట్టలేదంటే ఏంటో నాకు తెలుసు. విషం రక్తంలో కలిసింది.

విరుగుడు మందు సెలైన్‌లో ఎక్కించారు. ఆ మందు పడక కాసేపటికి ఒళ్లంతా దద్దుర్లు, మంచం కదిలేంత వణుకు. మా ఆయన వచ్చేసరికి నాకు దుప్పట్ల మీద దుప్పట్లు కప్పి ఉన్నాయి. ఆయన నన్ను చూశాడు, తర్వాత మూలన నిలబడ్డ అక్కను చూశాడు. "రమ్మని పిలిచింది మీరేనా?" అన్నాడు.

"అవ్ సారు" అంది ఆమె. ఇంకొక్క మాట చెప్పుకోలేదు. చెప్పాల్సింది నేను. కళ్లు మూసుకుని వణుకుతూ ఉండిపోయాను.

మళ్లీ మళ్లీ రక్తం తీశారు. మళ్లీ మళ్లీ గొట్టం బల్లమీద నిలబడింది. చివరికొకసారి నర్సు వంచితే రక్తం కదల్లేదు. గొట్టానికి అంటుకుని జెల్లీలా నిలిచింది. మా ఆయన గోడకు చేరబడి ఏడ్చాడు. మూత్రపిండాలు దెబ్బతినలేదని తేలడానికి ఇంకా కొన్నాళ్లు పట్టింది. కాలి మీద చర్మం ఊడి, పుండు మానడానికి వానాకాలం దాకా పట్టింది.

నేను మంచంలో ఉండగానే కబుర్లు వచ్చాయి. "మేడంకే పురుగు ముట్టిందట" అని చుట్టుపక్కల గూడేలన్నీ ఎప్పటికంటే ఎక్కువ నిప్పు పెట్టాయట. బీడీలకు తునికాకు కోసే పనులు ఇంకా మొదలు కాకముందే గుట్టల మీద మంటలు లేచాయట. ఊడవడం ప్రమాదం కాదని చూపించడానికి వెళ్లి, ప్రమాదమేనని నా ఒంటితో రుజువు చేశాను. ఇంట్లో కూర్చుని మాటలు చెప్పి ఉంటే అడవికి ఇంకొంచెం మేలు జరిగేదేమో. ఆ ఆలోచన పుండు కంటే ఎక్కువ సలిపింది.

అక్క చూడటానికి ఇంటికొచ్చింది. గుమ్మం దగ్గరున్న బూట్లు చూసి ఆగింది.

"ఇవి నువ్వు మొదటి దినం ఏసుకొచ్చినయేనా?"

"అవే."

"ఉండంగ ఎందుకు ఏసుకోలె?"

"మీకెవరికీ లేవు కదా అక్కా."

ఆమెకు కోపం వచ్చింది. అంత కోపం నేనెప్పుడూ చూడలేదు. "మాకు లేకుంటె నువ్వు గూడ ఇడవాల్నా? గిదేం తెలివి? నిన్ను సావమన్నమా మేము? ఊడ్చుడు అయితదో కాదో చూద్దమని రమ్మన్నం. మాకు లేవని నీకు అనిపిస్తె మాకు తేవాలె గని, నీయి ఇప్పుకుంటవా?"

మా అత్తగారు లోపల్నుంచి మంచినీళ్లు తెచ్చింది.

ఈ ఏడాది మళ్లీ వెళ్లాను. తెలిసినవాళ్లను అడిగి కొన్ని జతల బూట్లు పోగు చేసి పట్టుకెళ్లాను. నా బూట్లు నా కాళ్లకే ఉన్నాయి. చెట్ల దగ్గరకు వెళ్లి ఆకుల అంచున నిలబడ్డాను. అడుగు పడలేదు. కుక్కర్ ఆవిరి చప్పుడు చెవుల్లో మొదలైంది, అక్కడ ఏమీ లేదని తెలిసినా.

"నాకు భయంగా ఉంది అక్కా" అన్నాను. "ఊడవమని ఇంక నేను మీకు చెప్పలేను."

"మాకు లేదనుకున్నవా భయం?" అంది. "దినాం ఉంటది. గందుకే నిప్పు పెడ్తం."

ఆ రోజు చాలాసేపు మాట్లాడుకున్నాం. చివరకు వాళ్లు కొన్ని చెట్ల కింద పాత చీరలు కలిపి కుట్టి, గుంజలకు కట్టి, పువ్వు వాటి మీద రాలేలా చేశారు. కొన్ని చెట్ల కింద పొద్దెక్కాక పొడుగు వెదురు కర్రలతో ఆకులు లాగారు. మరికొన్ని చెట్ల కింద నిప్పు పెట్టారు. ఆ పొగ నా ముందే లేచింది. నేనేమీ అనలేదు. అనాలో వద్దో ఇప్పటికీ తెలియదు. ఇప్పుడు ఏ గూడెం వెళ్లినా ముందు నా కాలు చూపించి, జరిగింది చెప్పి, తర్వాతే నిప్పు మాట ఎత్తుతాను. కొందరు వింటారు. కొందరు ఆ కాలు చూసి లేచి వెళ్లిపోతారు.

మొన్న ఆదివారం బయల్దేరుతుంటే మా అమ్మాయి బూట్లు చేత్తో పట్టుకుని వచ్చింది.

"నేనూ వస్తానమ్మా. చీరలు కట్టడానికి సాయం చేస్తా."

"వద్దు."

"ఎందుకు? అక్కడ నా వయసు వాళ్లు లేరా?"

ఉన్నారు. అక్క మనవరాలు దీని ఈడుదే. పొద్దునే గంప పట్టుకుని ఆ చెట్ల కిందకే పోతుంది. నేను వెళ్లేసరికి అక్కడే ఉంటుంది.

"పరీక్షలున్నాయి, చదువుకో" అన్నాను. దాని చేతిలోంచి బూట్లు తీసుకుని స్కూటీ స్టార్ట్ చేశాను.