చెప్పు తెస్తే బిస్కెట్టు

కమఠాణలో తెలిసినవాళ్ల చేను దగ్గర్నించి కుక్కపిల్లను తెస్తానని మా ఆయన అన్నప్పుడు, తెస్తే ఇద్దరూ బయటే ఉండండని చెప్పాను. తెచ్చాడు. వచ్చీ రాగానే అది నా కుచ్చిళ్లు పట్టుకుని వంటింట్లోంచి హాల్లోకి లాగింది. సాయంత్రానికల్లా నా ఒళ్లో పడి నిద్రపోయింది. నా పంతం అక్కడితో సరి.

కన్నడం మాట్లాడే ఈ చిద్రిలో మేము అద్దెకుండేది మేడమీద. కింద ఇంటి ఓనరు అక్క. సరిహద్దులోని చింతకి వైపు మనిషి కాబట్టి మా తెలుగే మాట్లాడుతుంది, కానీ మాట కరుకు. ఆమె ఇంటికి ఎవరొచ్చినా చెప్పులు గడప బయటే విప్పుతారు. మా కుక్కపిల్లకు అదే పండగ. ఒక చెప్పు నోట కరుచుకుని మెట్లెక్కి మాయమయ్యేది. జతలో రెండోదాన్ని మాత్రం ముట్టేది కాదు, అంత మర్యాద.

ఫోన్‌లో శిక్షణ వీడియోలు చూశాను. తిట్టకూడదట, మంచి పని చేయగానే తినడానికేదైనా పెట్టాలట. ఎత్తుకుపోయిన చెప్పును తిరిగి తెచ్చి నా ముందు పెట్టగానే బిస్కెట్టు ఇచ్చాను. ఎంత తెలివైనదో అని మురిసిపోయాను. నిజంగానే తెలివైనది. చెప్పు తెస్తేనే బిస్కెట్టు వస్తుందంటే, ముందు ఎక్కడో ఒకచోట చెప్పు సంపాదించాలి కదా. కొద్దిరోజుల్లోనే వీధిలో చెప్పులన్నీ మా మేడెక్కడం మొదలుపెట్టాయి. ఒక్కో చెప్పూ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి క్షమించమని అడిగేదాన్ని. ఆఫీసులో ఇన్నాళ్లూ రాని కన్నడం ఆ తిరుగుళ్లలోనే వచ్చింది. కొన్ని చెప్పులు మాత్రం నా దాకా రాకుండానే అక్క గడప ముందు తేలేవి. దానికి బుద్ధి వస్తోందని సంతోషించాను.

శ్రావణ శుక్రవారం అక్క ఇంట్లో పసుపు కుంకుమ పేరంటం. కూతురి అత్తగారు ఔరాద్ నుంచి మొదటిసారి వస్తోంది. ముందురోజు అక్క మెట్ల కింద నిలబడి నన్ను పిలిచింది.

“చూడమ్మా, రేపు మా వియ్యపురాలు వస్తది. ఒక్క చెప్పు పోయినా నీ కుక్కను మళ్ల కమఠాణకే తోలాలె.”

సరేనన్నాను గానీ, ఆ పూట అన్నం సహించలేదు. అది లేని ఇంట్లో నేను ఉండలేను. ఆ సంగతి మా ఆయనకు చెప్పడానికి మాత్రం నాకు నామోషీ.

శుక్రవారం దాన్ని బాత్రూంలో పెట్టి గడియ వేసి, మా ఆయన్ని కాపలా ఉంచి, నేను కిందికి వెళ్లాను. ఆయనది జాలిగుండె. అది కుయ్యి కుయ్యిమంటే, ఒక్క నిమిషమే కదా అని తలుపు తీశాడట.

వాయనం అందుకుని వియ్యపురాలు గడప దాటింది. బయట ఆమెది ఒకటే చెప్పు. వాన తుంపర, వాకిలంతా బురద. అక్క ముఖం చూసే ధైర్యం నాకు లేకపోయింది. పైకి పరుగెత్తబోతుంటే మెట్లమీంచి అదే దిగి వచ్చింది, నోట్లో వియ్యపురాలి రెండో చెప్పుతో. గబగబా కొంగుముడి విప్పి బిస్కెట్టు చూపించాను. నావైపు తలైనా తిప్పలేదు. ఆడవాళ్ల మధ్యనుంచి నేరుగా వెళ్లి అక్క కాళ్ల దగ్గర చెప్పు పెట్టి, బుద్ధిగా కూర్చుని, ఆమె చేతినే చూస్తూ తోక ఆడించింది.

అక్క తన చేతిలోని పళ్లెంలోంచి పూర్ణం నిండిన పోలె ముక్క తుంచి దాని నోట్లో పెట్టింది. పెట్టాకగానీ అందరూ తననే చూస్తున్నారని ఆమెకు తెలియలేదు.

“రోజూ నువ్వే పెడుతున్నవా అక్కా?” అన్నాను.

“మరేం జెయ్యాలె? నీ బిస్కెట్లతోని దాని కడుపు నిండుతదా? చెప్పు తెచ్చి ముందట కూసుంటే ఉట్టిగ ఎట్ల పంపుత?”

వియ్యపురాలు నవ్వుతూ చెప్పు తొడుక్కుంది. కమఠాణ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు పొద్దున్నే మెట్ల కింద అక్క గొంతు వినిపించింది. మళ్లీ ఎవరి చెప్పు పోయిందోనని గబగబా దిగాను. ఆమె పిలిచింది నన్ను కాదు. చేతిలో రొట్టె ముక్క పట్టుకుని, నా పక్కనుంచి పైకి చూస్తోంది.