గరిగెకు కుదువ

బావుల్లో దిగేవాడు పీర్ మహమ్మద్. కాని ఊళ్లో పేరు మాత్రం అతని భార్యది. ఎవరింటి బిందె జారి బావిలో పడ్డా ముందు గుర్తొచ్చేది గరిగె బీబమ్మే. అసలు పేరు అన్వరీ బేగం అని ఆమెకు కూడా పండుగ నాడే జ్ఞాపకం వచ్చేది.

పాతాళ గరిగె అంటే ఇనుప కొక్కేల గుత్తి. తాడుకు కట్టి బావిలోకి వదిలి అడుగున కెలికితే, పడిన పాత్ర ఏదో ఒక కొక్కేనికి తగులుకుని పైకి వస్తుంది. పానగల్లు వైపు ఆ నాలుగూళ్లకూ ఉన్నది ఒక్కటే గరిగె, అది అన్వరీ ఇంట్లో ఉండేది. ఊరికే ఇచ్చేది కాదు. కుదువగా ఏదో ఒక పాత్ర పెట్టాలి, గరిగె వాపసొచ్చాకే అది తిరిగి చేతికొస్తుంది. పటేలు భార్య వచ్చినా అంతే, కూలికి పోయే బిక్షమ్మ వచ్చినా అంతే. "నువ్వు నవాబు బిడ్డవైనా సరే, ముందుగాల చెంబు పెట్టు" అనేది. ఆ మొండితనం మీద ఊళ్లో ఎన్ని నవ్వులాటలున్నా ఆమె ఒక్కసారీ సడలించలేదు.

గరిగెకు అందని వాటికోసం పీర్ మహమ్మద్ దిగేవాడు. పైన తాడు పట్టేది కాటమయ్య. మీసాలు రాకముందు నుంచీ ఇద్దరూ జోడు. దిగే ముందు పీర్ మహమ్మద్ మెడలోని తాయెత్తు తీసి కాటమయ్య చేతిలో పెట్టేవాడు. దారం ఏ రాతికో తట్టుకుంటే మెడకు ఉరి పడుతుందని వాళ్ల పనిలో అదొక కట్టుబాటు. పైకొచ్చాక తలైనా తుడుచుకోకుండా చెయ్యి చాచి అడిగేవాడు. మిగతా వేళల్లో, నిద్రలో కూడా, ఆ తాయెత్తు మెడ దిగేది కాదు.

నీళ్లకు అతను పేర్లు పెట్టుకున్నాడు. పైన ఉండేవి వెలుగు నీళ్లు. వాటి కింద చలి నీళ్లు. ఇంకా కిందికి పోతే చెవిటి నీళ్లు, అక్కడ చెవులు మూసుకుపోయి తన నెత్తురు కొట్టుకోవడం ఒక్కటే వినిపిస్తుందట. అన్నిటికీ అడుగున ఉన్న బురదను పరుపు అనేవాడు. తాడుకూ ఒక భాష ఉంది. ఒకసారి గుంజితే ‘ఉన్న’. రెండుసార్లయితే ‘వదులు’. మూడుసార్లయితే ‘పైకి లాగు’. మధ్యాహ్నం జొన్నరొట్టె తింటూ అతను ఇవన్నీ చెబుతుంటే, ఎన్నడూ బావిలో కాలు పెట్టని అన్వరీ కళ్లు మూసుకుని దిగుతూ పోయేది. వెలుగు నీళ్లలో తన కొంగు తేలుతున్నట్టు, చెవిటి నీళ్లలో ఊరి తగాదాలన్నీ ఆగిపోయినట్టు, పోయిన బిందెలన్నీ పరుపు మీద పడుకుని నిద్రపోతున్నట్టు ఉండేది. "ఏడికి పోయినవ్?" అని అతను నవ్వితే, "నీ ఎన్కనే వచ్చిన" అనేది.

పోలీసు చర్య జరిగిన ఏడు ఆ మధ్యాహ్నాలు ఆగిపోయాయి. ఊళ్లు తగలబెట్టిన రజాకార్లు, యూనియన్ పటాలం వస్తోందని తెలియగానే లారీలెక్కి పారిపోయారు. చేసినవాడొకడు, పడేవాడొకడు. పారిపోలేని పేద ముసల్మానుల మీద జనం కసి తీర్చుకోవడం మొదలుపెట్టారు. పీర్ మహమ్మద్ జన్మలో కర్ర పట్టిందల్లా బావి లోతు చూడటానికే. ఒక పొద్దున పనికి పోయినవాడు ఇంటికి తిరిగి రాలేదు.

అతని కోసం గురవయ్య గొడ్డలి పక్కన పెట్టుకుని అన్వరీ ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. అతని తమ్ముణ్ని రజాకార్లు చంపారు. "ఎప్పటికన్న ఇంటికి రావాలె గద" అన్నాడు. ఆ తమ్ముడి పెళ్లిలో బిందె బావిలో పడితే చెంబు కుదువ పెట్టి గరిగె తీసుకుపోయింది ఈ గురవయ్యే. అన్వరీ మంచినీళ్లిచ్చింది. తాగాడు గాని లేవలేదు.

మర్నాడు ఏదో బావిలో శవం తేలిందన్నారు. ఏ బావో, ఎవరి శవమో చెప్పేవాడు లేడు. నీళ్లు అతణ్ని ముంచవని అన్వరీకి తెలుసు. మనుషుల సంగతే తెలియదు. గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. వెలుగు నీళ్లు దాటింది, చలి నీళ్లు దాటింది. చెవిటి నీళ్లలో ఎంత వెతికినా అతను కనబడలేదు. ఆ నీళ్లంటే ఆమెకు మొదటిసారి భయమేసింది.

అప్పుడొచ్చాడు కాటమయ్య. గురవయ్యకు దండం పెట్టి, గడపలో నిలబడి, "వదినె, బిందె పడ్డది. జర గరిగె ఇయ్యి" అన్నాడు.

అన్వరీకి ఒళ్లు మండిపోయింది. "మీ అన్న ఏడున్నడో తెల్వక నేను సస్తుంటె నీకు బిందె రంది పట్టిందా?"

"నీళ్లు లేకుంటె ఎట్ల వదినె? కుదువ తెచ్చిన" అని చెంబు ముందుకు జరిపాడు.

కట్టుబాటు కట్టుబాటే. గరిగె తీసి ఇచ్చి, చెంబును అరలో పెట్టబోతే లోపల ఏదో గలగలమంది. చెయ్యి పెట్టి చూసింది. తాయెత్తు.

చంపినవాళ్లు మెడలోది విప్పి కాటమయ్యకు అప్పజెప్పరు. అతనే తీసి ఇచ్చాడు. అంటే ఎక్కడో బావిలోకి దిగాడు, పైన తాడు పట్టే మనిషి ఉన్నాడు. అన్వరీ గోడవైపు తిరిగి భోరుమని ఏడ్చింది. అది సంతోషమని గురవయ్యకేం తెలుసు?

ఊరి బయట పాడుబడ్డ మోటబావిలో, నీళ్లకు కాస్త పైన, రాళ్ల మధ్య మనిషి పట్టేంత గూడు ఉంది. గట్టు మీంచి చూస్తే కనబడదు. పీర్ మహమ్మద్ నడుముకు తాడు కట్టుకుని అందులో ముడుచుకుని కూర్చున్నాడు. పైన కాటమయ్య గరిగె వదిలి కెలుకుతూ ఉన్నాడు. గరిగె పట్టుకున్నవాణ్ని ఏం చేస్తున్నావని ఎవరడుగుతారు? దాని కొక్కేలకే రొట్టెల మూట తగిలించి దించేవాడు.

కొన్నాళ్లకు, ఎవరి మీదా చెయ్యెత్తవద్దని పటాలం వాళ్లు ఊరూరా చాటింపు వేయించారు. గురవయ్య గొడ్డలి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. కాటమయ్య వచ్చి అన్వరీని బావి దగ్గరకు తీసుకుపోయాడు.

"తాడు నేను పడత" అంది. పట్టుకుని ఒకసారి గుంజింది.

తాడు కదలలేదు. కింద నీళ్లు నల్లగా, నిశ్చలంగా ఉన్నాయి. అంతలో అరచేతిలో తాడు ఒక్కసారి కదిలింది. ‘ఉన్న’.

మళ్లీ గుంజింది. మళ్లీ ‘ఉన్న’. ఇంకోసారి అదే అడగబోతుంటే కాటమయ్య, "వదినె, ముచ్చట ఇంటికాడ పెట్టుకోండ్రి. సలికి సస్తడు, గుంజు" అన్నాడు.

పైకొచ్చిన పీర్ మహమ్మద్, రాళ్ల ఊటకు తడిసిన తల తుడుచుకోకుండానే కాటమయ్య ముందు చెయ్యి చాచాడు. కాటమయ్య ఖాళీ చేతులు చూపించి అన్వరీ వైపు తలాడించాడు. ఆమె పిడికిలి విప్పింది. తాయెత్తును చూడగానే, గరిగెకు అదే కుదువగా పోయిందని పీర్ మహమ్మద్‌కు అర్థమైంది.

"గరిగె వాపసొచ్చిందా?" అన్నాడు భయంభయంగా.

"పొద్దుగాల దాని తాడు తెగింది. అడుగుకు పోయింది" అని కాటమయ్య నసిగాడు.

"ఉండనియ్యి. పరుపు మీద జర పండుకోనియ్యి" అంది అన్వరీ. గరిగె చేతికి రాకముందే కుదువ వస్తువు తిరిగి ఇవ్వడం ఆమె జన్మలో అదొక్కసారే. వణుకుతున్న అతని మెడలో తాయెత్తు తానే కట్టింది.