ఏడో నంబరు ఉత్తరం

ఆ శనివారం స్వీడిష్ క్లాసు పిల్లల రాతలు మొదటిసారి చూసి నెలిదా ఒయార్సూన్ నిర్ఘాంతపోయింది. తొమ్మిదిమంది పిల్లలు, అందరూ పదహారు పదిహేడేళ్ల వాళ్లు. స్వీడన్‌లో పుట్టిన వాళ్లు కొందరు, తల్లి చంకనెక్కి అక్కడికి వెళ్లిన వాళ్లు కొందరు. సైనికుల ప్రభుత్వానికి భయపడి పారిపోయిన తల్లిదండ్రులు, ఆ ప్రభుత్వం పోగానే మూటాముల్లె కట్టుకుని సొంతూరు శాంతియాగోకు తిరిగొచ్చేశారు. వస్తూ వస్తూ వీళ్లనూ పట్టుకొచ్చారు. నోరు విప్పితే స్వీడిష్ గలగల పారుతుంది. తీరా రాయమంటే, ఇక్కడికొచ్చిన మూడేళ్లకే సగం వాక్యం స్వీడిష్, సగం స్పానిష్. రెండో తరగతి పిల్లలు కూడా ఇంతకంటే నయంగా రాస్తారని ఆమె ఆ రాత్రి కూతురితో అంది. కూతురు రాయెన్ లేచి ప్లేట్లు తీసేసింది. ఆ తొమ్మిది కాగితాల్లో ఒకటి తనదే మరి.

నెలిదాకు ఆ భాష ఊరికే రాలేదు. ముప్పై రెండేళ్ల వయసులో స్వీడన్‌లో బూరోస్ అనే ఊళ్లో దిగింది. పగలంతా దుప్పట్ల ఫ్యాక్టరీలో కుట్టి, సాయంత్రం బడికెళ్లి, తప్పు మాట్లాడి నవ్వించుకుని, చాటుకెళ్లి ఏడ్చి నేర్చుకుంది. చివరికి అక్కడి చిన్నపిల్లల బడిలోనే టీచరైంది. మొగుడు అన్సెల్మో మాత్రం ఎలాగూ వెళ్లిపోయేవాళ్లమే కదా అంటూ భాష నేర్చుకోకుండానే పదమూడేళ్లు గడిపి, వెళ్లకుండానే అక్కడ గుండెపోటుతో పోయాడు. ఆయన మాట నిలబెట్టాలని నెలిదా పద్నాలుగేళ్ల కూతుర్ని తీసుకుని తిరిగొచ్చింది. ఇక్కడి వాళ్లు ఊరుకున్నారా? బంగారు ప్రవాసం అనుభవించి కంటెయినర్ నిండా సామాను తెచ్చుకున్నారని మొహం మీదే అన్నారు. అన్నవాళ్లను అననిచ్చింది. ఆమెకు మిగిలింది రాయెన్ ఒక్కతే. ఆ పిల్ల ఇక్కడ వేళ్లు తన్నుకుంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదు.

మరి స్వీడిష్ క్లాసెందుకంటే, సంపాదించుకున్నది పారేసుకోవడం ఆమెకు చేతకాదు. అంతే. న్యున్యోవా పేటలో చర్చి వెనక గది అడిగి తీసుకుంది. స్వీడిష్ కోసం నెత్తిన రెండు చుక్కల అక్షరాలున్న టైపు మిషన్లు రెండు ఆ కంటెయినర్లోనే వచ్చాయి, అవి అక్కడ పెట్టింది. కూతురు కూడా క్లాసులో ఉంది కాబట్టి తల్లి వేసిన మార్కులన్న మాట రాకూడదని ఒక నియమం పెట్టింది. ఎవరూ పేరు రాయకూడదు, చేత్తో రాయకూడదు. టోపీలోంచి చీటీ తీసుకుని, ఆ నంబరుతో టైపు చేసి ఇవ్వాలి. ఏ నంబరు ఎవరిదో ఆమెకు తెలియదు. స్వీడన్‌లో పరీక్షలకు అలాగే చేస్తారని ఆ నియమం గురించి అందరికీ గొప్పగా చెప్పుకునేది.

మార్చిలో ఆఫీసుకు ఉత్తరం రాయడం నేర్పింది. ఈ సంగతి విని తల్లిదండ్రులు పడీపడీ నవ్వారు. శాంతియాగోలో ఆఫీసుకు కాగితం పెడితే అది నూతిలో పడ్డట్టే. స్వీడన్‌లో అలా కాదు, రాసినదానికి జవాబొస్తుంది. ఆ నమ్మకం పిల్లల్లో పోకూడదని నెలిదా పట్టు.

ఎనిమిది మంది సైకిల్ పోయిందనో, లైబ్రరీ పుస్తకం ఆలస్యమైందనో రాశారు. ఏడో నంబరు రాసింది మాత్రం వేరు. బూరోస్ పురపాలక కార్యాలయానికి రాసిన ఉత్తరం అది. రాసింది అబ్బాయో అమ్మాయో తెలియనివ్వకుండా, నేను మీ మనిషిని, నన్ను ఇక్కడికి తీసుకొచ్చేశారు, నేను తిరిగొచ్చి అక్కడ చదువుకోవాలి, దయచేసి దారి చూపండి అని ఉంది. ఏ తల్లి కన్న బిడ్డో, ఇంట్లో ఎంత కుమిలిపోతోందో అని నెలిదా మనసు కలుక్కుమంది. వెంటనే టీచరు బుద్ధి మేలుకుంది. అంచున ఎర్ర పెన్సిల్‌తో రాసింది: "బతిమాలుతున్నావు. ఆఫీసును బతిమాలొద్దు, అడుగు."

అదే ఉత్తరం తిరగరాసి రెండోసారి వచ్చినప్పుడు ఇంకా ముందుకెళ్లింది. "తేదీలు వెయ్యి. తీసుకొచ్చేముందు నీ ఇష్టం అడిగారా? అడక్కపోతే ఆ ముక్క పేరాకి మొదట్లో రాయి. నీ బలమంతా అక్కడే ఉంది." మూడోసారి ఒక వాక్యం మొత్తం కొట్టేసింది. మా అమ్మకు నా మాట వినిపించదు అని ఉంది అక్కడ. ఇది ఫిర్యాదు, ఆఫీసుకు కావలసింది సమాచారం అని పక్కన రాసింది. నాలుగోసారి దిద్దడానికి ఏమీ మిగల్లేదు. ఇంతకంటే బాగా నేనూ రాయలేను అని రాసి, క్లాసులో అందరికీ చదివి వినిపించింది. చదువుతూ ఒక్కో మొహం చూసింది. తమతోపాటే బూరోస్ నుంచి తిరిగొచ్చిన, వేసవిలో కూడా హాకీ జట్టు మఫ్లర్ విప్పని వ్లదిమీర్ తలొంచుకుని కూర్చున్నాడు. వీడే అనుకుంది.

ఊరుకోలేక వానలు పడుతున్న ఓ మధ్యాహ్నం వ్లదిమీర్ తల్లి ఎదెల్మీరా ఇంటికి వెళ్లింది. ఆవిడ గుమ్మడికాయ కలిపిన పిండితో సొపాయ్‌పిల్యాలు వేయిస్తోంది. వేడివేడిగా రెండు ప్లేట్లో పెట్టింది. నెలిదా అవి ముట్టుకోకుండా, ఉత్తరం సంగతి చెప్పి అరగంట క్లాసు పీకింది. పిల్లలు మన పెట్టెల్లాంటి సామాన్లు కాదని, కడుపున పుట్టినంత మాత్రాన వాళ్ల మనసులో ఏముందో మనకు తెలిసిపోదని చెప్పింది. "ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి వాణ్ణి కూర్చోబెట్టి అడిగావా ఎదెల్మీరా?"

ఎదెల్మీరా గరిటె పక్కన పెట్టి ఆమెకేసి తిరిగింది.

"అడిగానక్కా. రాకముందే అడిగా. రానన్నాడు. అయినా లాక్కొచ్చా. ఆ తిట్లు ఇప్పటికీ తింటున్నా. కానీ మావాడు ఉత్తరాలు రాసే రకం కాదు, ఏదున్నా మొహం మీదే అనేస్తాడు."

కొందరికి ఎంత చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అనుకుంటూ నెలిదా తడిసి ఇంటికొచ్చింది. జరిగిందంతా కూతురికి చెప్పింది. రాయెన్ రొట్టె మీద అవకాడో రాస్తూ వింది. ఆవిడేమందని అడిగింది. ఏమంటుంది, బుకాయించిందని నెలిదా చెప్పింది.

జూన్‌లో స్వీడన్ నుంచి కవరొచ్చింది. మీద నెలిదా పేరే ఉంది. వితంతు పింఛను కాగితమనుకుని, సాయంత్రం టీ దగ్గర రొట్టె నములుతూ చింపింది. మొదటి పేజీలో ఉన్నది రెండుసార్లు చదివినా బుర్రకెక్కలేదు. మీ కుమార్తె దరఖాస్తు పరిశీలించాం, ఆగస్టు నుంచి హైస్కూల్లో సీటు ఉంది, మీ పాత పొరుగావిడ గున్‌వోర్ తన ఇంట్లో గది ఇస్తానన్నారు, అమ్మాయికి పద్దెనిమిది నిండలేదు కాబట్టి సంరక్షకురాలిగా మీ సంతకం కావాలి అని ఉంది. పేజీ తిప్పింది. వెనక దరఖాస్తు నకలు. తను చెప్పి రాయించిన తేదీలు, తను చెప్పి రాయించిన వాక్యాలు. ప్రయాణానికి ముందు నన్నెవరూ అడగలేదు అన్న వాక్యం పేరాకి మొదట్లో, ఎక్కడ పెట్టమందో సరిగ్గా అక్కడే ఉంది.

చివర మాత్రం తను ఎప్పుడూ చూడని మూడు వాక్యాలున్నాయి. మా నాన్న సమాధి మీ ఊళ్లో ఉంది. నవంబరులో అందరి సమాధుల మీదా దీపాలు పెడతారు. ఆయనకు పెట్టేవాళ్లు లేరు. కింద రాయెన్ సంతకం.

నెలిదా చేతిలో రొట్టె ప్లేట్లో పెట్టేసింది. అన్సెల్మో మాట కోసమే కదా ఇంత దూరం వచ్చింది. ఆయన్ను అక్కడ ఒంటరిగా వదిలేసి వచ్చానన్న ఆలోచన ఈ మూడేళ్లలో ఒక్కనాడూ రానందుకు ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది. అంతలోనే కోపమూ వచ్చింది. ఇంట్లో, ఒకే బల్ల దగ్గర, రోజూ ఎదురుగా కూర్చునే పిల్ల.

రాయెన్ బడి నుంచి వచ్చి, కవరు చూసి, బ్యాగు దించకుండా అలాగే నిలబడిపోయింది.

"బూరోస్ ఊరంతటికీ తెలుసు. ఎదెల్మీరాకు కూడా తెలిసుంటుంది. నాకెందుకు చెప్పలేదే?"

"చెప్పానమ్మా. నాలుగుసార్లు చెప్పా. చెప్పినప్పుడల్లా దిద్ది ఇచ్చావు."

నెలిదా చేతిలోని నకలు మళ్లీ చూసింది. ఆ ఎర్ర గీతలన్నీ ఎవరి మీద గీశానో ఆమెకు అప్పుడర్థమైంది. మా అమ్మకు నా మాట వినిపించదు అన్నదాన్ని స్వయంగా ఈ చేత్తోనే కొట్టేసింది.

సంతకం పెట్టకపోతే ఏం చేస్తావని అడిగింది. బెదిరించాలని కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగింది. ఫిబ్రవరిలో పద్దెనిమిది నిండుతాయని, అప్పుడు ఎవర్నీ అడగక్కర్లేదని రాయెన్ మెల్లగా చెప్పింది. ఆ గొంతులో పొగరు లేదు. అదే నెలిదాను ఎక్కువ భయపెట్టింది. పెట్టకపోతే ఎనిమిది నెలలు పిల్ల ఇంట్లో ఉంటుంది. ఆ తర్వాత ఉండదు, ఉత్తరం కూడా రాయదేమో.

"నువ్వు ఇక్కడ ఉండలేవా?"

మూడేళ్ల కిందట బూరోస్ వంటింట్లో అడగాల్సిన మాట అది. రాయెన్ బ్యాగు దించి ఎదురుగా కూర్చుంది.

"లేనమ్మా. నీ కోసం ఉండాలనే చూశా. లేను."

నెలిదా రొట్టె ప్లేటు పక్కకు జరిపి, కాగితం ముందుకు లాక్కుని సంతకం పెట్టింది. కింద, సంరక్షకురాలి అభిప్రాయం అన్నచోట, పాపను నేను అడగలేదు, అది నిజం అని స్వీడిష్‌లో రాసింది. రాసేదాకా కళ్లు పొడిగానే ఉన్నాయి. ఆ తర్వాత ఏడ్చింది.