అక్క దులిపిన సంచి

మొన్న మా వంటింట్లో అల్మారాలు చేయడానికి వచ్చిన వడ్రంగి రంపం మిషన్‌తో పాటు దుమ్ము పీల్చే మిషన్ కూడా తెచ్చుకున్నాడు. చెక్క కోస్తుంటే రంపపు పొట్టు అంతా పైపులోంచి పోయి డబ్బాలో పడుతోంది, నేల మీద చిటికెడు దుమ్ము లేదు. మా ఆయన ముచ్చటపడి చూస్తున్నాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఆ హోరు వింటే నాకు మా బావ గుర్తొస్తాడు.

బాన్సువాడలో మా బావకు ఇంటిని ఆనుకునే రేకుల షెడ్డు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు తలుపులు, మంచాలు చేసిచ్చేవాడు. పనితనానికి వంక పెట్టలేం, వంకంతా మనిషిలోనే. షెడ్డులో రాలిన టేకు పొట్టును పొద్దునా సాయంత్రం ఊడ్చేది మా అక్క. ఆమె కొంగులో, జుట్టులో, ఆఖరికి చేసిన పప్పులో కూడా ఆ వాసనే వచ్చేది, మేం నవ్వుకునేవాళ్లం. కొన్నేళ్లకు దగ్గు పట్టుకుంది, తరువాత ఆయాసం. దవాఖానలో డాక్టరు ఎక్స్‌రే చూసి, ఇక ఆ దుమ్ము జోలికి పోతే మనిషి దక్కదని బావ మొహం మీదే చెప్పాడు.

బావ అప్పుడు నిజంగానే కదిలాడు. నిజామాబాద్ పోయి బ్లోయర్ మోటారు తెచ్చి, రంపం కింద నుంచి గోడ వెంట ప్లాస్టిక్ పైపు వేసి, మధ్యలో డ్రమ్ము పెట్టాడు. ముతక పొట్టు డ్రమ్ములో పడేది. పిండిలాంటి సన్నదుమ్ము చివరనున్న గుడ్డ సంచిలో నిండేది. ఆ సంచి షెడ్డులో ఉంటే పాలిష్ మీద దుమ్ము వాలుతుందని ఇంటి వరండాలో, అక్క మంచం పక్కనే వేలాడదీశాడు. వచ్చినవాళ్లకల్లా కొత్త అల్లుడిని చూపించినట్టు మిషన్‌ను చూపించి, పెళ్లాం కోసం పెట్టించానని చెప్పుకునేవాడు. అందరూ మెచ్చుకున్నారు. మా అమ్మయితే అల్లుడికి దిష్టి తీసింది.

సంచి నిండితే మిషన్ లాగదు. రోజూ విప్పి, కట్టెతో కొట్టి దులపాలి. ఎవరు దులపాలన్న ప్రశ్నే ఆ ఇంట్లో రాలేదు. చీపురు పట్టేది ఎవరో సంచి పట్టేదీ వాళ్లే. ఒకరోజు నేను వెళ్లేసరికి అక్క పెరట్లో సంచి దులుపుతోంది. కనుబొమ్మల మీద కూడా దుమ్మే. నేను ఉండబట్టలేక, నువ్వే దులపొచ్చు కదా అని బావను అడిగేశాను.

"ఊడ్సుడు, ఎత్తుడు ఆడోళ్ల పనే గదా మరదలా. ఊడ్సుడు తప్పించిన. ఇగ గీ సంచి గూడ నేనే దులపాల్నా?" అన్నాడు.

అక్క నన్ను లోపలికి తీసుకెళ్లింది. ఊపిరి అందక ఆగి ఆగి చెప్పింది: "నా కోసమే పెట్టిచ్చిండే. ఇంకేమన్న అంటే బాగుండది."

ఆ వానాకాలం దాటకుండానే అక్క పోయింది.

పెద్దకర్మ అయ్యాక బావ షెడ్డు తెరిచాడు. సంచి నిండితే మొహానికి తువ్వాల చుట్టుకుని తనే దులిపాడు. ఒక్కసారే. రాత్రంతా దగ్గాడట. మర్నాడు అక్క చీరలు తెచ్చుకుందామని నేను వెళ్లేసరికి, సంచి తీసి పారేసి, పైపును పొడిగించి గోడ అవతలి ఖాళీ జాగాలోకి తిప్పుతున్నాడు.

"గొంతుల కూసుంటది మరదలా," అన్నాడు, నాకు తెలియని సంగతేదో చెబుతున్నట్టు.

సాయం ఎవరూ లేకుండా, భోజనాల వేళకే పని ముగించేశాడు. పూట పని. మా అక్క బతికిన అన్నేళ్లలో ఆ ఒక్క పూట రాలేదు.